మూడు ముక్కలుగా దొరికిన తుపాకీ

మా నాన్న తుపాకీ దొరికింది. దొరకలేదంటాడు మా అన్నయ్య.

రెండు నెలలుగా చెన్నైకీ హైదరాబాదుకీ మధ్య ఫోన్లో ఇదే గొడవ. ఒకరోజు వదిన ఫోన్ లాక్కుని, "ఒకరికి అరవై దాటాయి, ఇంకొకరికి దాటబోతున్నాయి, బెలూన్లు పేల్చే తుపాకీ గురించి ఈ కొట్లాటేంటి?" అని అడిగింది. ఆవిడ అడిగినదాంట్లో న్యాయం ఉంది. కానీ గొడవలో మాత్రం న్యాయం నా వైపే ఉందని నా నమ్మకం. ఫోన్లో అన్నయ్య నన్ను రెండు వాక్యాలకు మించి మాట్లాడనివ్వడు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

ముందే చెప్పేస్తాను, ఇది మందు కూరి పేల్చే తుపాకీ కాదు. గాలి తుపాకీ. గొట్టం లోపల మెలితిరిగిన గాడులుంటాయి కాబట్టి రైఫిల్ అనే మాట దీనికీ చెల్లుతుంది. ఆ గాడుల్లోంచి వచ్చే పెల్లెట్ బొంగరంలా తిరుగుతూ పోతుంది, అందుకే దారి తప్పదు. పెల్లెట్ ఎలా ఉంటుందో చూడనివాళ్లు సీసంతో చేసిన బుల్లి డమరుకాన్ని ఊహించుకోండి. నడుము సన్నం, వెనక భాగం బోలు, నాలుగున్నర మిల్లీమీటర్ల లావు. ఇప్పటికీ ఆ కొలత దాటకుండా, 20 జౌల్స్ లోపు శక్తి ఉన్న గాలి తుపాకీకి మన దేశంలో లైసెన్సు అక్కర్లేదు. 2016 ఆయుధ నియమాలు చెప్పేదీ అదే.

మా నాన్న కోడంబాకంలో సినిమా సెట్లు వేసే వడ్రంగి. తెనాలి దగ్గర పల్లె నుంచి 1964లో మద్రాసు వచ్చాడు. ప్లైవుడ్డుతో కోటలు కట్టి, షెడ్యూలు అయిపోగానే వాటిని తనే పీకేసే ఉద్యోగం. "షూటింగ్ ఉంది" అని నాన్న పొద్దున్నే బయల్దేరితే తుపాకీతో కాల్చడానికే వెళుతున్నాడని చాలాకాలం అనుకునేవాణ్ణి. 1976లో ఒక ఆదివారం నిజంగానే తుపాకీ పట్టుకొచ్చాడు. సెంట్రల్ స్టేషన్ పక్కన మూర్ మార్కెట్ ఉండేది కదా, అక్కడ పాత సామాన్ల కొట్లో కొన్నాడు. 110 రూపాయలు. ఆస్ట్రేలియా వెళ్లిపోతున్న ఆంగ్లో ఇండియన్ కుటుంబం ఒకటి అమ్ముకుని పోయిందని కొట్టువాడు చెప్పాడట. మూర్ మార్కెట్‌లో ప్రతి వస్తువుకీ ఆస్ట్రేలియా వెళ్లిపోయిన కుటుంబం ఒకటి ఉండేది, ఆ సంగతి వేరు. కానీ తుపాకీ మడమ మీద, అంటే భుజానికి ఆనించే కర్ర భాగం మీద, కత్తిమొనతో గీసిన ఇంగ్లిషు అక్షరాలు రెండున్నాయి: ఆర్, డి. కాబట్టి ఎవరో ఒకరు నిజంగానే ఉండి ఉండాలి.

నాకప్పుడు ఏడేళ్లు. తుపాకీని ఎత్తడం నా వల్ల అయ్యేది కాదు. నాన్న గొట్టాన్ని మధ్యకి విరిచినట్టు కిందకి వంచేవాడు. "టక్" అని స్ప్రింగు పట్టుకునేది. పెల్లెట్ పెట్టి గొట్టం మళ్లీ పైకి. నేను ట్రిగ్గర్ మాత్రం నొక్కేవాణ్ణి. ఎదురుగా గోడమీద సున్నపు డబ్బా. నాకు బాగా గుర్తున్నది ఆ డబ్బా మోత కాదు, ఆ తర్వాత గొట్టం చివర్నుంచి వచ్చే సన్నటి నీలం పొగ, మాడిన నూనె వాసన.

ఈ పొగ దగ్గరే అన్నయ్యతో మొదటి తగాదా. "గాలి తుపాకీలోంచి పొగెలా వస్తుందిరా? నువ్వు సినిమా తుపాకీతో కలిపేసుకుంటున్నావు" అన్నాడు. చాలామంది అలాగే అనుకుంటారు. అసలు సంగతి ఇది. లోపల స్ప్రింగు ముందు ఒక పిస్టన్ ఉంటుంది, దాని మూతికి తోలు వాషర్. ట్రిగ్గర్ నొక్కగానే స్ప్రింగు విడిపోయి పిస్టన్ ముందుకు దూకుతుంది, సిలిండరులో గాలి ఒక్కసారిగా నలిగి పెల్లెట్‌ని తోస్తుంది. అంత వేగంగా నలిగిన గాలి విపరీతంగా వేడెక్కుతుంది. తోలు ఎండకుండా వేసిన నూనె కాస్త ఎక్కువైతే ఆ వేడికి అంటుకుంటుంది. డీజిల్ ఇంజను స్పార్క్ ప్లగ్ లేకుండా నడిచేది కూడా ఈ సూత్రం మీదే. నాన్న కొబ్బరినూనె పోసేవాడు, అదీ ధారాళంగా. కాబట్టి పొగ వచ్చింది. నేను కలగనలేదు.

అయితే మిగతా విషయాల్లో నా జ్ఞాపకం నన్ను బాగానే మోసం చేసింది. ఆ సంగతి దాచుకోను.

ఈ తుపాకీని వెతకాలనే పిచ్చి నాన్న పోయిన చాలా ఏళ్లకు, రిటైర్మెంట్ దగ్గరపడ్డాక పట్టుకుంది. దాని మీద బీఎస్‌ఏ అని రాసి ఉండేదని నాకు ఖాయంగా గుర్తు. రెండేళ్లు బీఎస్‌ఏ గాలి తుపాకుల వెంట పడ్డాను. బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్, 1861లో తుపాకుల పనివాళ్లు కలిసి పెట్టుకున్న కంపెనీ, ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన మూడు తుపాకులు దాని ముద్ర, అన్నీ చదివేశాను. ఫొటోలు చూసిన ప్రతిసారీ ఏదో తేడా. గొట్టం పొడవు కుదిరితే ట్రిగ్గర్ కుదరదు, ట్రిగ్గర్ కుదిరితే మడమ కుదరదు. చివరికి అమ్మ తేల్చింది. "బీఎస్‌ఏ నీ సైకిలురా! ఎనిమిదో క్లాసులో కొన్నాడు కదూ మీ నాన్న."

నిజమే. బీఎస్‌ఏ నా సైకిల్. మా అంబత్తూరు టీఐ ఫ్యాక్టరీలో తయారైన సైకిల్. తుపాకుల కంపెనీ సైకిళ్లు చేయడం, ఆ పేరు సముద్రం దాటి అంబత్తూరు రావడం, నా బుర్రలో ఆ పేరు తిరిగి తుపాకీ మీదికి ఎక్కడం. మద్రాసుకి ఇది కొత్తేం కాదు. 1955 నుంచి ఇక్కడ తయారవుతున్న ఎన్‌ఫీల్డ్ మోటార్ సైకిలుకి ఆ పేరు వచ్చింది ఇంగ్లండులో ఎన్‌ఫీల్డ్ అనే చోట ఉన్న తుపాకుల ఫ్యాక్టరీ నుంచే. తుపాకీలా తయారైంది అని ప్రచారం కూడా చేసుకునేవాళ్లు. రెండు చక్రాలకీ తుపాకీకీ చుట్టరికం ఉన్న ఊళ్లో పెరిగినవాడు ఒకదాన్నొకటి అనుకుంటే తప్పేముంది!

"మరి తుపాకీ మీద ఏముండేదమ్మా?"

"అమ్మవారి బొమ్మ. ఆయుధ పూజకి బొట్టు పెట్టేదాన్నిగా."

అప్పుడు గుర్తొచ్చింది. ఆయుధ పూజనాడు నాన్న రంపం, ఉలి, బాడిస, చిత్రిక అన్నీ కడిగి పీట మీద పేర్చేవాడు. వాటి పక్కనే తుపాకీ. దాని సిలిండరు మీద చెక్కిన చిన్న ఆడమనిషి బొమ్మకి అమ్మ వేలికొసతో కుంకుమ అద్దేది. బొరుగులు, బెల్లం, గుమ్మడికాయ. ఆ అమ్మవారు మన అమ్మవారు కాదు, రోమన్ల వేటదేవత డయానా. ముద్రలో ఆవిడ గాలి తుపాకీని తలపైకి ఎత్తి పట్టుకుని ఉంటుంది, ఇక అక్కర్లేదని విల్లుని కింద పడేస్తుంది. జర్మనీలో రాస్టాట్ అనే ఊళ్లో 1890లో మొదలైన కంపెనీ అది. మాది డయానా మోడల్ 27. దశాబ్దాలపాటు దాదాపు అదే రూపంలో చేస్తూ వచ్చిన తుపాకీ. ఏ అమ్మవారైతేనేం, అమ్మ పూజ వృథా పోలేదు. ఆ కుంకుమే లేకపోతే నేనింకా బర్మింగ్‌హామ్‌లోనే తిరుగుతుండేవాణ్ణి.

మోడల్ తెలిశాక పని సులువైందనుకున్నాను. అన్నానగర్‌లో ఒకాయన పాత గాలి తుపాకులు సేకరిస్తాడని తెలిసి వెళ్లాను. ఏసీ గది, గాజు బీరువా. డయానా 27 ఒకటి పెట్టెతో సహా ఉంది. గీత లేదు, మరక లేదు. చేతికి గ్లవుజులిచ్చాడు. "ఒక్కసారి కూడా కాల్చలేదు సార్, పూర్తిగా ఒరిజినల్" అన్నాడు. భుజానికి ఆనించాను. బరువు అదే, వంపు అదే. "గొట్టం వంచి చూడొచ్చా?" అన్నాను. వద్దన్నాడు. కాలిస్తే విలువ పోతుందట. 45 వేలు చెప్పాడు.

డబ్బు గురించి కాదు, కొనగలను. కానీ ఆ గదిలో నిలబడ్డప్పుడే నాకు ఈ ఒరిజినల్ అనే మాట మీద చిరాకు మొదలైంది. అరవై ఏళ్లుగా కాల్చని తుపాకీ దేనికి ఒరిజినల్? ఫ్యాక్టరీ గుమ్మం దాటిన రోజుకి. దాని బతుకు ఆ రోజే ఆగిపోయింది. ఇంకో తమాషా ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత డయానా యంత్రాలూ ఆ పేరూ స్కాట్లండులోని మిల్‌బ్రో అనే కంపెనీ చేతికి పోయాయి. 1950 ప్రాంతంలో రాస్టాట్‌లో మళ్లీ పని మొదలయ్యాక, బ్రిటన్‌లో అమ్మే తుపాకులకు సొంత పేరు పెట్టుకునే హక్కు జర్మన్లకే లేకపోయింది. అప్పుడు వాళ్లు పెట్టుకున్న పేరేమిటో తెలుసా? ఒరిజినల్! అసలువాళ్లు మేమే అని అరిచి చెప్పుకోవాల్సిన అవస్థలో పుట్టిన పేరు. ఆ మాట వినబడితే అప్పట్నుంచి నాకు జేబు తడుముకోవాలనిపిస్తుంది.

మా తుపాకీ ఏమైందన్నదానికి నా దగ్గర ఉన్న కథ ఒకటే: దొంగలెత్తుకెళ్లారు. నాకు పన్నెండేళ్లప్పుడు, 1981లో. నాన్నే చెప్పాడు. నేను మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నలభై ఏళ్లు ఆ దొంగని తిట్టుకున్నాను. ఒకసారి ఫోన్లో ఆ మాటే అంటే అన్నయ్య కాసేపు ఆగి, "ఉడత సంగతి మర్చిపోయావా?" అన్నాడు.

మర్చిపోయాను. నమ్మండి, పూర్తిగా మర్చిపోయాను. అన్నయ్య చెబుతుంటే ఒక్కొక్క ముక్కే పైకి తేలింది. మా పెరట్లో బాదం చెట్టు. నాన్న లేని మధ్యాహ్నం. నేను సొంతంగా గొట్టం వంచగలిగిన మొదటి వారం. ఉడత కిందపడింది కానీ చావలేదు, వెనక కాళ్లు ఈడ్చుకుంటూ తిరిగింది. అమ్మ పసుపు పెట్టి, బుట్ట కింద మూసి, దూది ముంచి నీళ్లు తాగించింది. మర్నాటికి పోయింది. రాముడు నిమిరిన ఉడతని కొట్టాడని పక్కింటి మామ్మ వారం రోజులు మా గుమ్మం తొక్కలేదు. ఇదంతా జరిగిన పది రోజులకు "దొంగలు" వచ్చారు.

అమ్మని అడిగాను. ఎనభై రెండేళ్ల ఆవిడకి దాచే ఓపిక అయిపోయింది. "దొంగా లేదు గింగా లేదు. మీ నాన్నే తీసుకెళ్లి బీచిలో బెలూన్లవాడికిచ్చాడు. డబ్బులు కూడా తీసుకోలేదనుకుంటా. నిన్ను కొట్టబుద్ధి కాలేదన్నాడు."

నలభై ఏళ్లుగా దొంగలెత్తుకెళ్లారనుకున్న తుపాకీ నా చేతుల్లోంచే పోయింది. ఇష్టమైనదాన్ని జ్ఞాపకం ఎంత శుభ్రంగా తుడిచి పెడుతుందంటే, దాని దెబ్బ తిన్నదాన్ని కూడా తుడిచేస్తుంది. పొగ రంగు గుర్తుంది నాకు. ఉడత గుర్తులేదు. పాత తుపాకుల గురించి మురిసిపోతూ రాసేవాళ్లని చూస్తే అప్పటినుంచి కొంచెం అనుమానం. నాతో సహా.

ఇక మెరీనా. శ్రామికుల విగ్రహం నుంచి లైట్‌హౌస్ దాకా సాయంత్రం నడిస్తే బెలూన్ల స్టాళ్లు కనబడుతూనే ఉంటాయి. గుడ్డ మీదో చెక్క మీదో వరసలు వరసలుగా బెలూన్లు, ముందు బల్ల మీద రెండు మూడు గాలి తుపాకులు. పది షాట్లకి యాభై రూపాయలు. నేను ఒక్కో స్టాలు దగ్గర యాభై ఇచ్చి, కాల్చకుండా తుపాకీని అటూ ఇటూ తిప్పి చూస్తుంటే అందరూ నన్ను కార్పొరేషన్ మనిషిననుకున్నారు. ఎక్కువగా దేశవాళీ తుపాకులే. డయానాని చూసి చేసిన నకళ్లు మన దగ్గర చాలానే వచ్చాయి.

నాలుగో ఆదివారం, ఒక స్టాలు. బల్ల మీద మూడు తుపాకులు, మూడూ నిజం డయానా 27లే. మొదటిదాన్ని ఎత్తితే మడమ మీద ఆర్, డి. చెమటకీ అరచేతులకీ అరిగి ఆర్ కాస్త పి అయింది, కానీ అదే.

అప్పుడు నాకు గుండె ఆగిపోయినంత పనైందని రాస్తే బావుంటుంది. నిజానికి నాకొచ్చిన మొదటి ఆలోచన, ఇది బీచ్ చెక్క కదా అని. జర్మన్లు ఈ తుపాకుల కర్ర భాగాన్ని బీచ్ అనే చెట్టు చెక్కతో చేసేవాళ్లు. బీచ్ చెక్క బీచిలోనే తేలింది. ఇలాంటి వెధవ జోకులు నాన్న వేసేవాడు.

స్టాలు నడిపేవాడికి యాభై ఉంటాయి. తమిళంలోనే మాట్లాడుకున్నాం. 1981లో తుపాకీ తీసుకున్నది వాళ్ల నాన్న. "కోడంబాకం ఆశారి ఇచ్చాడని మా నాన్న చెప్పేవాడు సార్" అన్నాడు. ఆశారి అంటే వడ్రంగి. నేను కర్ర తప్ప మిగతాదేదీ గుర్తుపట్టలేకపోయాను. సిలిండరు మీద దేవత బొమ్మ ఉంది కానీ, వెనక కొట్టిన అంకెలు వేరు. ఈ డయానాల మీద తయారైన నెల, సంవత్సరం సిలిండరు వెనక భాగంలో కొడతారు. నాన్న ఆ అంకెల్ని లైసెన్సు నంబరు లాంటిదేదో అనుకుని, పోలీసులడిగితే చెప్పడానికి తన లెక్కల పుస్తకంలో రాసుకున్నాడు: 3 62. అంటే 1962 మార్చి. ఆ అంకెలు రెండో తుపాకీ మీదున్నాయి. మూడోదాని గొట్టం చివర ఇత్తడి గుండు.

ఈ గుండు కథ చెప్పాలి. ఒకసారి తుపాకీ మెట్ల మీంచి పడి ముందున్న గురి సూది విరిగింది, గొట్టం కూడా పిసరంత వంగి పెల్లెట్లు కుడికి పోవడం మొదలెట్టాయి. ఇలాంటప్పుడు ముందు సూదిని తప్పు పోతున్న వైపుకే జరపాలి. వినడానికి తిరకాసుగా ఉంటుంది, కాగితం మీద గీసుకుంటే అర్థమవుతుంది. నాన్న ఒక ఇత్తడి మేకు తల కోసి, గుండ్రంగా అరగదీసి, టంకంతో అతికించాడు. అన్నయ్య పక్కన కూర్చుని కొలిమికి గాలి కొట్టాడు. ఆ పనంటే అన్నయ్యకి ఇప్పటికీ గర్వం.

ఒక తుపాకీ మూడు తుపాకుల్లోకి ఎలా వెళ్లింది? 2004 డిసెంబరు 26, ఆదివారం పొద్దున. సునామీ. స్టాలు సామాను దాచే పెట్టె కొట్టుకుపోయింది. ఏడు తుపాకుల్లో నాలుగు తడి ఇసకలో దొరికాయి. ఆ తర్వాత చాలా వారాలు జనం బీచికి రావడానికే భయపడ్డారు. ఆ ఖాళీలో వాళ్ల నాన్న నాలుగింటినీ విప్పేసి, ఉప్పు కడిగి, తుప్పు గీకి, బాగున్న ముక్కలు ఏరి మూడు తుపాకులు నిలబెట్టాడు. అన్నీ ఒకే మోడల్ కాబట్టి ఏది దేనికైనా సరిపోయింది. ముసలాయన కావాలనే ఎప్పుడూ 27లే కొనేవాడట. తర్వాత వచ్చినవాళ్లు సేకరణ అంటారు, ఆయన దాన్ని విడిభాగాలన్నాడు.

మరమ్మతు గురించి వాడు చెబుతుంటే గంటన్నర నిలబడిపోయాను. తోలు వాషర్లు పెరియమేట్‌లో తోలు ముక్కలు కొని తనే కోసుకుంటాడు. నూనెలో రెండు రోజులు నానబెట్టి, గిన్నెలా ఒత్తి పిస్టన్‌కి బిగిస్తాడు. స్ప్రింగులు పుదుపేటలో చుట్టిస్తాడు, కొంచెం మెత్తగా చుట్టమంటాడు. బెలూన్ పగలడానికి అంత బలం ఎందుకు, పైగా పిల్లలు వంచలేరు. ఈ మోడల్ ట్రిగ్గర్‌లో ఒక తిరకాసుంది. పిస్టన్‌ని పట్టి ఉంచేది కొక్కెం కాదు, మూడు చిన్న ఉక్కు గుళ్లు. విప్పేటప్పుడు అవి జారిపోతాయి. "ఇసకలో పడితే మురుగనే దిక్కు సార్. మా నాన్న స్పీకర్ అయస్కాంతం పట్టుకుని వెతికేవాడు." దొరక్కపోతే సైకిలు బేరింగు గుళ్లలో సరిపోయేవి ఏరి వేస్తారు. నా బీఎస్‌ఏ సైకిల్ చివరికి ఈ తుపాకీలో దూరడానికి ఒక దారి ఉందన్నమాట!

ఇంటికొచ్చి ఫొటోలన్నీ అన్నయ్యకి పంపాను. ముక్కలు మనవేనని వెంటనే ఒప్పుకున్నాడు, ఆ నిజాయితీ ఉంది ఆయనలో. ఆ తర్వాతే అసలు మెలిక పెట్టాడు.

"మూడు తుపాకుల్లో మూడు ముక్కలున్నాయి. సరే. మన తుపాకీ ఎక్కడుంది?"

"మూడింట్లో ఉంది."

"అంటే ఎక్కడా లేనట్టే కదరా."

నా వాదన ఇదీ. అసలు మన ఇంట్లో ఉన్నప్పుడే అది రాస్టాట్‌లో పుట్టినట్టు లేదు. సూది నాన్నది. వాషర్లు ఎన్ని మార్చాడో లెక్కలేదు. స్ప్రింగు ఒకసారి మార్చాడు. మడమ మీది గీతలు ఎవరో ఆర్.డి. గీసినవి. మనం దాన్ని మన తుపాకీ అన్నప్పుడు ఇవన్నీ కలిపే అన్నాం. అప్పుడు రాని అభ్యంతరం ఇప్పుడెందుకు? తిరువళ్లిక్కేణి పార్థసారథి గుడి రథం చూడు, చక్రం అరిగితే చక్రం మారుస్తారు, చెక్క పుచ్చితే చెక్క మారుస్తారు, ఇది కొత్త రథం అని ఎవరైనా అంటారా?

అన్నయ్య ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "రథం ఒకచోట నిలబడి ఉంటుందిరా. దాని చక్రం తిరువళ్లిక్కేణిలో, శిఖరం మైలాపూర్‌లో ఉండవు."

మంచి దెబ్బ. వారం రోజులు నా దగ్గర జవాబు లేదు. ఆయన మాటకి ఒక హద్దు ఒప్పుకోవాలి కూడా. ఎంత చీలినా అదేనంటే చివరికి సైకిలు గుండు కూడా మన తుపాకీయే అవుతుంది. అలా నేననను. వాషరు, స్ప్రింగు, గుళ్లు అరిగిపోవడానికే ఉన్నాయి, అవి లెక్కలోకి రావు. చెంప ఆనిన కర్ర, కన్ను పెట్టిన సూది, అమ్మ బొట్టు పెట్టిన సిలిండరు, ఈ మూడూ లెక్క. ఎందుకు ఈ మూడే అంటే, మా ఇంట్లోవాళ్ల ఒంటికి తగిలినవి ఇవే.

జవాబు చివరికి నా బీరువా పైన దొరికింది. నాన్న పోయాక ఆయన పనిముట్లు పంచుకున్నాం. చిత్రికలూ ఉలులూ అన్నయ్య హైదరాబాద్ పట్టుకెళ్లాడు. రంపాలు, బాడిస నా దగ్గరున్నాయి. మట్టం, మూలమట్టం విజయవాడలో మా చెల్లి తీసుకుంది, ఆవిడకి వాటితో పనిలేకపోయినా. అయినా అన్నయ్య ప్రతి దసరాకీ ఫోన్ చేసి అడిగే ప్రశ్న ఒకటే: "నాన్న పెట్టె జాగ్రత్తగా ఉందా?" ఏ పెట్టె? అది మూడు ఊళ్లలో ఉంది. ఉన్నట్టా, లేనట్టా?

ఈ మాట ఫోన్లో చెబితే అటునుంచి చప్పుడు లేదు. తర్వాత, "సిగ్నల్ సరిగ్గా లేదు, మళ్లీ చేస్తా" అన్నాడు. ఆ తర్వాత మూడు రోజులకి చేసి, "పనిముట్లు విడివిడిగానే వస్తువులు, తుపాకీ అలా కాదు" అన్నాడు. మూడు రోజులు ఆలోచించి కనిపెట్టిన పాయింటు అది. ఒప్పుకోను, కానీ మెచ్చుకుంటాను.

నేను కొంటానని అడగలేదనుకోకండి. అడిగాను. మూడూ కలిపి విప్పి, మావి మాకిచ్చి, మిగిలినవాటికి బదులు మంచి తుపాకులు రెండు కొనిస్తానన్నాను. వాడు నవ్వాడు. "విప్పి ఏం చేస్తారు సార్?" అన్నాడు. ఇంట్లో పెట్టుకుంటానన్నాను. "ఇంట్లో పెట్టొద్దనే కదా మీ నాన్న ఇచ్చింది" అన్నాడు. ఉడత సంగతి వాడికి నేనే చెప్పాను, అది నా పొరపాటు. అన్నానగర్ బీరువా గుర్తొచ్చి నేనూ మరి బలవంతపెట్టలేదు. అక్కడ గ్లవుజులు, ఇక్కడ ఆదివారం సాయంత్రమొస్తే పిల్లలు వరస కట్టి కాలుస్తారు. సేకరించేవాళ్లు పాత వస్తువుల్ని కాపాడతారని అంటారు. ఈ మూడింటినీ ఇన్నేళ్లూ నడిపించింది యాభై రూపాయల బెలూన్లు.

పోయిన నెల టీ నగర్‌లో పెళ్లికని అన్నయ్య వచ్చాడు. సాయంత్రం బీచికి లాక్కెళ్లాను. మొదట ఆర్.డి. తుపాకీ తీసుకుని మడమ మీద బొటనవేలితో రుద్దాడు. ఏమీ అనలేదు. తర్వాత ఇత్తడి గుండు ఉన్నది తీసుకుని పది షాట్లు కాల్చాడు. ఆరు బెలూన్లు పగిలాయి. నాలుగు పెల్లెట్లూ కుడి పక్కకే పోయాయి.

"చూశావా, కుడికి లాగుతోంది" అన్నాను.

"ఏ పాత గొట్టమైనా ఎటో ఒకటి లాగుతుంది" అన్నాడు.

స్టాలువాడు సాయం చేద్దామనుకున్నాడు పాపం. "ఆ గుండు మొదట్లో బాగా వంకరగా ఉండేదట సార్, ఒక పక్కకి. ఎవరో చేతకానివాళ్లు అతికించుంటారని మా నాన్న కరిగించి మధ్యకి సరిచేశాడు."

అన్నయ్య తుపాకీ బల్ల మీద పెట్టేశాడు. ముఖం ఎర్రబడింది. "చేతకానివాళ్లా? మా నాన్న అతికించింది వంకరగా ఉంటుందా? గొట్టం వంగిందని కావాలనే కుడికి జరిపి పెట్టాడయ్యా ఆయన! నేను పక్కనే ఉన్నాను. కొలిమి ఊదింది నేను. మీ నాన్న దాన్ని పాడుచేశాడు." ఇదంతా తెలుగులో. స్టాలువాడు నా వంక చూశాడు. నేను అనువాదం చేసేలోపే అన్నయ్య చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ, ఈసారి తమిళంలో, "టంకం కడ్డీ ఉందా ఇక్కడ?" అని అడిగాడు.